మేయర్ ఒడిలో ఒక చెవి

ఎదురుగా నిలబడ్డ మనిషికి లేదని చెప్పడం చెంగమ్మకు పుట్టుకతో రాలేదు. చెన్నై పాత వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి మొదట్లోనే ఆమె దోసెపిండి అంగడి. పిండి అయిపోయి గ్రైండరు కడిగేశాక ఎవరైనా గిన్నె పట్టుకొని వస్తే, తన ఇంటికని పక్కన పెట్టుకున్న పిండి తీసి వంచేస్తుంది. ఆ పూట తను టీలో బన్ను ముంచుకొని తింటుంది. ఎన్నికలప్పుడు ఏ పార్టీవాళ్ళు వీధిలోకి వచ్చినా ఎర్రనీళ్ళ ఆరతి పళ్ళెం ఆమె చేతిలోనే ఉంటుంది. పొద్దున ఒకరికి పడితే, సాయంత్రం వాళ్ళను తిట్టడానికి వచ్చినవాళ్ళకు పడుతుంది. అందరికీ ఓటు వేస్తాననే చెబుతుంది. ఓటు మిషను ముందు నిలబడి, బటన్ నొక్కే ముందు మిగతావాళ్ళందరికీ మనసులో క్షమాపణ చెప్పుకుంటానని మా ఇంటావిడ హేమమాలినితో ఒకసారి అంది. లోపల ఇంతసేపు ఏం చేస్తోందా అని పోలింగ్ ఆఫీసరు అట్ట వెనక్కి తొంగి చూడబోయాడట.

ఆమె ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, కోపం వస్తే రెండూ. భర్త వెంకటాచలం హార్బరులో మూటలు మోసిన మనిషి, పోయి చాలా ఏళ్ళయింది. మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురు శరణ్యను ఊరి ఉత్తరపు కొసన ఉన్న మనలికి ఇచ్చింది. అల్లుడు వెంకట్రామ్‌కు అంబత్తూరులో లేత్ మిషను మీద పని. ఇంట్లో మాట నడిచేది మాత్రం వాళ్ళమ్మ పొన్నమ్మది. పండక్కీ పబ్బానికీ పొన్నమ్మ కోడలిని పంపితే చెంగమ్మ ఇంట్లో దీపం వెలిగినట్టుంటుంది. పంపకపోతే ఆమె ఆ రోజంతా ఊరికే గ్రైండరు తుడుస్తూ కూర్చుంటుంది.

నేను చెప్పబోయే గొడవంతా ఒక పసిబిడ్డ చేసిన చిన్న పని వల్ల మొదలైంది.

శరణ్య పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడే మా వీధిలో వాననీటి కాలువ ప్రారంభం జరిగింది. మేయర్ తంగరాజ్ స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించాడు. కొత్త సిమెంటు మూతలు వీధి పొడుగునా వరసగా పరిచి ఉన్నాయి. ఫోటోవాళ్ళు ఒక పసిపిల్లను ఎత్తుకుంటే బాగుంటుందన్నారు. ఆరతి పళ్ళెంతో చెంగమ్మ ముందు వరసలో ఉంది, ఆమె వెనకే శరణ్య ఉంది, అందుకని ఆయన చేతికి అందింది శరణ్య కూతురు విజి. ఆయన ఇంకా నవ్వు మొదలుపెట్టకముందే విజి ఆ తెల్లపంచె మీద తన పని కానిచ్చేసింది. జనం గొల్లుమన్నారు. అధికారులు నవ్వాలో ముఖం తిప్పుకోవాలో తెలియక నీళ్ళు నమిలారు.

తంగరాజ్ గట్టివాడు. మైకు అందుకొని, "మేనమామ మీద కాక ఇంకెవరి మీద పోస్తుంది?" అన్నాడు. శరణ్యకు అన్నదమ్ములు లేరని పక్కవాళ్ళు చెవిలో చెప్పగానే ఇంకాస్త ఊపొచ్చింది. "లేకపోవడమేమిటి? నేను లేనా? ఈ పిల్లకు చెవులు కుట్టేటప్పుడు నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకుంటా. కమ్మలు కూడా నేనే తెస్తా" అన్నాడు. వీధంతా చప్పట్లు. తడిసిన పంచె సంగతి అందరూ మరిచిపోయారు.

మాలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు. తల కదలకుండా పట్టుకునేది ఆయనే, ఏడిస్తే గుండెకు హత్తుకునేదీ ఆయనే. సొంత మేనమామ లేకపోతే వరసకు అయ్యేవాణ్ని ఎవరినో వెతుక్కుంటారు. చెంగమ్మకు ఆ పని లేకుండా పోయింది. ముహూర్తం పెట్టగానే ఆకూవక్కా, పసుపూ కుంకుమా, కొబ్బరికాయా పళ్ళెంలో సర్దుకొని మేయర్ ఇంటికి వెళ్ళి పిలిచి వచ్చింది. అది తాంబూలం చేతిలో పెట్టి పిలిచిన పిలుపు. దానిని వెనక్కి తీసుకునే పద్ధతి అంటూ మావాళ్ళలో లేదు. ఆహ్వాన పత్రికలో 'మేనమామ: గౌరవనీయ మేయర్' అని అచ్చు వేయించింది. మా వీధి భజన మందిరం గోడకు ఫ్లెక్సు కట్టించింది. ఫ్లెక్సు చేసినవాడు మేయర్ నమస్కారం పెడుతున్న ఫోటో తీసుకొని, ఆ ఒళ్ళో విజిని అతికించాడు. చేతులు రెండూ పైన జోడించి ఉండడంతో బిడ్డ ఏ ఆధారమూ లేకుండా ఆయన మోకాళ్ళ మీద నిలిచి ఉండేది.

ఆ తర్వాత వాన పడింది.

అంబత్తూరు వైపు మోకాటిలోతు నీళ్ళలో స్కూటరుతో సహా పడిపోయిన ఒకాయన, కోపం పట్టలేక గడ్డపార తెచ్చి కాలువ మూత ఒకటి పైకెత్తాడు. కింద కాలువ లేదు. మట్టి ఉంది. మట్టిలో ఒక గడ్డిమొక్క కూడా ఉంది. ఆయన ఆ గడ్డిమొక్కకు దండం పెట్టి, "మేయర్ గారు నాటిన మొక్క" అని చెప్పిన వీడియోను సాయంత్రానికల్లా ఊరంతా చూసింది. మర్నాటి నుంచి చెన్నైకి మూతలు ఎత్తడమే పని. అపార్టుమెంటు సంఘాలవాళ్ళు ఆదివారం పొంగలి, వడ పెట్టుకొని మరీ ఎత్తారు. కాలేజీ పిల్లలు ఎత్తి సెల్ఫీలు తీసుకున్నారు. కొన్నిచోట్ల నిజంగానే కాలువ కనిపించేది. అక్కడివాళ్ళు కొంచెం నిరాశగా మూత మళ్ళీ పెట్టేసేవాళ్ళు. మా వీధిలో ఎత్తితే పాత పెంకులు వచ్చాయి. మూతలు కూడా ఒట్టి ఇసుకే. కింద మట్టి కొట్టుకుపోయిన చోట కాలు పెడితే మూత అప్పడంలా విరిగి, ఆ కాలు పిక్కదాకా దిగబడేది. తంగరాజ్‌కు 'మూత మేయర్' అని పేరు పడిపోయింది. ఆయన టీవీల్లో ఇదంతా కుట్ర అన్నాడు, పదవి వదలనన్నాడు. సొంత పార్టీవాళ్ళు మాత్రం ఆయన పక్కన ఫోటోలో పడకుండా జరిగి నిలబడడం మొదలుపెట్టారు.

మనలిలో పొన్నమ్మ ఇల్లు నల్లటి నీళ్ళలో మునిగింది. నీళ్ళు తీసిన మరుసటి రోజే ఆవిడ ఫోన్ చేసింది. చెంగమ్మ చేతికి పిండి ఉండడంతో ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. అంగట్లో ఉన్న మేమంతా విన్నాం.

"వొదినా, బాగుండావా?" అంది చెంగమ్మ.

"బాగుండేది అట్ల పెట్టు. చెవులు కుట్టేదానికి ఆ మూతోడు వస్తాండాడా?"

"అదీ... తాంబూలం ఇచ్చి పిలిస్తిమి కదా వొదినా."

"నా ఇంట్లోకి నడుములోతు నీళ్ళు వచ్చె. వాటికి ఎవురు తాంబూలం ఇచ్చిరి? మా ఇంటాయనది ఉన్నిందే ఒక ఫోటో. అది నాని ముక్కూ మొగం తెలియకుండా పోయె. ఇను చెంగమ్మా. వాడి ఒళ్ళో నా మనవరాలు కూర్చునిందంటే చెవులు కుట్టినంక బిడ్డని ఎత్తుకోని మనలి వచ్చేస్తా. నీ కూతురు మళ్ళా నీ గడప తొక్కేది లేదు. నా కొడుకు మీద ఒట్టు."

ఫోన్లో ఆవిడ వెనక నుంచి, పురుడు ముగిసి అత్తింటికి వెళ్ళిపోయిన శరణ్య గొంతు వినబడింది. "అమ్మా, వేండాంమా, వద్దు, ప్లీజ్. ఆయన్ని రావద్దని చెప్పేసేయ్."

ఫోన్ పెట్టేశారు. చెంగమ్మ చెయ్యి పిండి గిన్నెలో అలాగే ఉండిపోయింది. పొన్నమ్మ కొడుకు మీద ఒట్టు పెట్టి తప్పే మనిషి కాదని మా అందరికీ తెలుసు.

వీధిలో వేడి వేరేగా ఉంది. ఎదురింటి కాళియమ్మ తమిళావిడే అయినా, మా మధ్య పుట్టి పెరిగింది కాబట్టి పోట్లాటకు కావలసినంత తెలుగు వచ్చు. ఆవిడ గిన్నె పట్టుకొని వచ్చి పిండి కొనకుండా నిలబడింది.

"అక్కా, నీ పిండి మంచిదే. నీ మేనమామే మంచోడు కాదు. వాడు వచ్చిపోయినాక కొంటా."

"పిండికీ మేయర్‌కీ ఏంది పాపా సంబంధం?"

"నీళ్ళకీ నా ఫ్రిజ్‌కీ ఏం సంబంధం? అది మాత్రం పోలేదా? వాణ్ని రానీక్కా. మందిరం ముందర మూత ఉంది కదా, అది ఎత్తుతాం. వాణ్ని ఆ గుంటలో దింపి, కాలువ యాడుందో చూపించరా అంటాం. నువ్వు ఆరతి పట్టు, మేం గడ్డపార పడతాం."

మర్నాటి పొద్దునకు ఫ్లెక్సు మీద మేయర్ ముఖానికి ఎవరో దోసెపిండి కొట్టారు. బిడ్డ ముఖం మీద మాత్రం చుక్క పడకుండా జాగ్రత్తపడ్డారు. వీధిలో పిండి అంగడి ఒక్కటే. "నా దగ్గిర కొన్న పిండితోనే కొట్టినారే!" అని చెంగమ్మ చీపురు తెచ్చి కడిగింది. కడుగుతుంటే ఒక్కరూ సాయం రాలేదు. వెనక్కి తిరిగినప్పుడల్లా ఏదో ఒక కిటికీ మూసుకునేది.

ఇక లాభం లేదని, మేయర్‌ను రావద్దని చెప్పి రావడానికి హేమమాలినిని తోడు పెట్టుకొని బయలుదేరింది. ఏం చెప్పాలో మా ఆవిడే నేర్పింది. దగ్గర బంధువు పోయారు, మైల, ఫంక్షన్ ఆపేశాం అనాలి. చెంగమ్మ ఆటోలో దారిపొడుగునా ఆ మాటలే గొణుక్కుంది. ఏ బంధువని అడిగితే ఎవరిని చంపాలా అని భయపడింది కూడా. చివరికి లేని ఒక పెద్దమ్మను అనుకున్నారు.

ముందు వెళ్ళినప్పుడు ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటు లేదట. ఈసారి ఒక్క జత లేదు. గేటు దగ్గర ఇద్దరు పోలీసులు కుర్చీల్లో నిద్రపోతున్నారు. తంగరాజ్ తానే తలుపు తీశాడు. తలకు రంగు వేసుకోవడం మానేసినట్టున్నాడు, చెవుల పక్కన తెల్లబడింది. వీళ్ళను చూడగానే ఆయన ముఖం చిన్నపిల్లాడిలా విప్పారిందని హేమమాలిని అంటుంది.

"అమ్మా, మీరా! రండి, రండి." ఆయన తమిళంలోనే మాట్లాడాడు. "గుడి కుంభాభిషేకం పత్రికలో నా పేరు మీద కాగితం అంటించి పంచారమ్మా. స్కూలు వాళ్ళు ఫోనే ఎత్తలేదు. నా సొంత బావమరిది గృహప్రవేశం చేసుకొని, అయ్యాక చెప్పాడు. మీరొక్కరే అమ్మా, ఇంత జరిగాక కూడా ఇంకోసారి పిలవడానికి వచ్చింది."

ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెంగమ్మ కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టింది. నోరు తెరిచింది. హేమమాలిని వెనక నుంచి గిల్లింది.

"మరిచిపోకుండా రా నాయనా" అంది చెంగమ్మ. "నువ్వు రాకపోతే ఎట్ల?"

 తిరుగు ఆటోలో హేమమాలిని, "ఏమ్మే, దీనికా ఇంతదూరం వచ్చింది?" అంది.

"కాఫీ తాగేస్తినే పాపా. తాగినంక ఎట్ల చెప్పేది?"

అలా పిలుపు రద్దు చేయడానికి వెళ్ళినావిడ రెండోసారి పిలిచి వచ్చింది. అంతటితో పోలేదు. మేయర్ మనుషులు టీవీలవాళ్ళకు కబురు పెట్టారు. 'పేదింటి బిడ్డకు మేనమామగా మేయర్' అని స్క్రోలింగు నడిచింది. ఊళ్ళో ఎవరూ గుమ్మం తొక్కనివ్వని మనిషికి మా వీధిలో గుమ్మం తెరిచి ఉందని చెన్నైకంతా తెలిసిపోయింది. పొన్నమ్మ ఆ తర్వాత చెంగమ్మ ఫోన్ ఎత్తలేదు. వెంకట్రామ్ మెసేజ్ ఒకటి పెట్టాడు. 'అమ్మ వస్తుంది. ఆటోలోనే కూర్చుంటుందంట. వాడు బిడ్డను తాకితే తిరిగిపోతాం అత్తా.'

చెంగమ్మ ఆ మెసేజ్ నాకు చూపించింది. "బాబూ, దీనికి ఏమని రాసేది?" అని అడిగింది. నేను ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టేశాను.

ముహూర్తం రోజు పొద్దున భజన మందిరంలో కూర్చోవడానికి చెక్క పలక వేసి, ముగ్గు పెట్టి, అరటాకులో బియ్యం పోసి అన్నీ సిద్ధం చేశారు. సగం కుర్చీలు ఖాళీ. పిలిచినవాళ్ళలో సగం మంది మందిరం లోపలికి రాకుండా బయట వీధిలో నిలబడి ఉన్నారు. కాళియమ్మ చేతిలో గడ్డపార ఉంది. ఆవిడ దానిని ఊతకర్రలా ఆనించుకొని, మందిరం మెట్ల ముందున్న మూత పక్కనే కాపు కాసింది. నలుగురు పోలీసులు వచ్చారు కానీ వాళ్ళలో ఒకాయన మా వీధివాడే. ఆయన ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయి, అందుకని ఆయన ఎటు తిరిగి నిలబడాలో తేల్చుకోలేకపోయాడు.

పొన్నమ్మ ఆటో ఎదురుగా వచ్చి ఆగింది. శరణ్య బిడ్డతో దిగింది. పొన్నమ్మ దిగలేదు, పక్కన తెర దించేసుకుంది. వెంకట్రామ్ ఆటోకూ మెట్లకూ మధ్య తిరుగుతున్నాడు. చెంగమ్మ గుమ్మంలోంచి ఆ తెర వంక చూసి, ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి తగ్గింది.

మేయర్ కారు జనాన్ని తోసుకుంటూ సరిగ్గా మెట్ల ముందున్న మూత అంచుకు ఆనించి ఆగింది. ఆయన కారులోంచి కాలు చాచి, మూత దాటించి, నేరుగా మెట్టు మీద పెట్టాడు. "మూత మేయర్, డౌన్ డౌన్!" అని కేకలు లేచాయి. ఎవరో చెప్పు చేతిలోకి తీసుకున్నారు. చెంగమ్మ ఆరతి పళ్ళెం ఎత్తింది. పళ్ళెంలో ఎర్రనీళ్ళు అంచులు దాటి చిందుతున్నాయి. పళ్ళెం ఆయనకూ జనానికీ మధ్య ఉన్నంతసేపు చెప్పు విసిరినవాళ్ళు లేరు. అది తగిలితే చెంగమ్మకే తగిలేది.

లోపల ఆయన పలక మీద కూర్చున్నాడు. ఎర్ర డబ్బాలో కమ్మలు తీసి అందరికీ చూపించాడు. కెమెరాలు ముందుకొచ్చాయి. శరణ్య తల్లి వంక చూసింది. చెంగమ్మ తల కిందికి దించుకుంది. శరణ్య బిడ్డను ఆయన ఒళ్ళో పెట్టింది.  గుమ్మంలో వెంకట్రామ్ ముఖం నల్లబడింది. అతను వెనక్కి తిరిగి ఆటో వైపు వెళ్ళిపోయాడు.

కుట్టడానికి వచ్చిన బాలమురుగన్ ఆచారి పెద్దవాడు. సూది దీపానికి కాల్చి పసుపులో అద్దాడు. చెవికి కాటుకతో చుక్క పెట్టాడు. "తల రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి సార్" అన్నాడు. బయట కేకలు పెద్దవయ్యాయి. మందిరం కిటికీ రెక్కను ఎవరో గుద్దుతున్నారు. మేయర్ ఒక చేత్తో తల పట్టుకున్నాడు. ఆచారి వంగాడు.

"సార్, ఇటు చూడండి సార్!" అని కెమెరామన్ అరిచాడు.

ఆయన చూశాడు. అలవాటైన నవ్వు వచ్చేసింది. నవ్వుతూ బిడ్డ ముఖాన్ని కూడా కెమెరా వైపు తిప్పాడు. సూది అప్పటికే దిగుతోంది. విజి పెట్టిన కేక మందిరం పైకప్పుకు తగిలింది. సూది కాటుక చుక్క మీద కాక దానికి కింద పడింది. ఒక రక్తపు చుక్క తెల్లచొక్కా మీద పడింది. ఆచారి "అయ్యయ్యో" అంటూ దారం లాగి ముడి వేశాడు.

మేయర్ కెమెరామన్ వంక చూసి, "పడిందా?" అని అడిగాడు.

ఆయన అడిగింది ఫోటో సంగతి.  ఆచారి ఇంకో సూది కాల్చడానికి దీపం వైపు తిరిగాడు. చెంగమ్మ ముందుకొచ్చింది.

"లేయ్ నాయనా" అంది.

ఆయన నవ్వాడు. "ఇంకో చెవి ఉంది కదమ్మా."

"ఉండాది. అది నీ ఒళ్ళో వద్దు. లేయ్."

గొంతు పెద్దది చేయలేదు. అయినా ఇంత చిన్న మందిరంలో వినబడనివాళ్ళు లేరు. మేయర్ వెంట వచ్చిన బనీను వేసుకున్న ఒక కండల మనిషి, "ఏయ్ కెళవీ, ముసలిదానా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అని చెయ్యెత్తాడు. శరణ్య అడ్డం వచ్చింది. కుర్చీల్లోని మగవాళ్ళం లేచాం, లేచి ఏం చేయాలో తెలియక నిలబడ్డాం. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"తెలుసురా" అంది చెంగమ్మ. అని మేయర్ వైపు తిరిగింది. "తాంబూలం ఇచ్చి పిలిస్తిని, నువ్వు వస్తివి. ఆరతి పడితిని. ఒళ్ళో బిడ్డని పెడితిని. నా మాట నేను దాటలే. నువ్వు ఒక్కటే చేయాలె. బిడ్డ తల పట్టుకోవాలె. అదీ పట్టుకోలేకపోతివే!" బిడ్డను ఆయన ఒళ్ళోంచి లాక్కుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అంతలోనే, "ఆకు వేయిస్తా, తినేసి పో" అని కూడా అనేసింది.

 తంగరాజ్ కండల మనిషిని చేత్తో ఆపాడు. లేచి పంచె సర్దుకున్నాడు. తినలేదు.

అప్పటికే బిడ్డ కేక ఆటోదాకా వెళ్ళింది. పొన్నమ్మ తెర లాగి దిగి, జనాన్ని మోచేతులతో తప్పించుకుంటూ మెట్లెక్కింది. గుమ్మంలో మేయర్, పొన్నమ్మ ఎదురుపడ్డారు. కొట్టేస్తుందనే అనుకున్నాం. ఆవిడ ఆయన వంక చూడనైనా చూడలేదు. దారికి అడ్డమున్న కుర్చీని తప్పుకున్నట్టు తప్పుకొని లోపలికి వచ్చింది.

"ఇటు తే" అని చెంగమ్మ చేతుల్లోంచి విజిని తీసుకుంది. ఖాళీ అయిన పలక మీద కూర్చుంది.

"వొదినా, మేనమామే కదా కూర్చోవాల్సింది..." అంది చెంగమ్మ.

"కూర్చున్నాడు కదా మేనమామ, చాల్లే. నాయనమ్మకి ఒళ్ళు లేదా? ఆచారీ, కానీ. ముహూర్తం పోతాంది."

మేయర్ మెట్ల మీదికి వెళ్ళాడు. కారు అక్కడ లేదు. జనం కమ్ముకునేసరికి డ్రైవరు దానిని వీధి మొదటిదాకా వెనక్కి తీసుకుపోయాడు. ఇక నడవాలి. నడవాలంటే ముందు మెట్ల కిందున్న మూత దాటాలి. కాళియమ్మ గడ్డపార పట్టుకొని పక్కకు తప్పుకుంది. కేకలు ఆగిపోయాయి. అందరి కళ్ళూ ఆయన కాళ్ళ మీదే ఉన్నాయి. చెప్పు పట్టుకున్నవాడు కూడా దానిని కిందికి దించి చూస్తున్నాడు.

"తొక్కు అన్నా" అంది కాళియమ్మ చాలా మర్యాదగా. "నువ్వు వేయించిందే కదా."

ఆయన మూత వంక చూశాడు. ఒక కాలు ముందుకు చాచి, వెనక్కి తీసుకున్నాడు.  తర్వాత ఆయన రెండు చేతులతో పంచె మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకొని, మెట్టు మీదనుంచి మూత అవతలికి ఒక్క గెంతు గెంతాడు.

ముందు ఒక పోలీసాయన నవ్వాడు, మా వీధాయనే. తర్వాత వీధి వీధంతా నవ్వింది. మేడల మీద బట్టలారేసుకుంటున్నవాళ్ళు నవ్వారు, కాళియమ్మ గడ్డపార వదిలేసి కడుపు పట్టుకుంది. ఆయన ఆ నవ్వుల మధ్య నుంచే వంచిన తల ఎత్తకుండా కారుదాకా నడిచాడు. ఒక్క చెప్పూ పడలేదు. ఆ గెంతు సాయంత్రం అన్ని చానెళ్ళలో వచ్చింది. ఆ వారంలోనే ఆయన పదవి వదిలేశాడు. విచారణ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

లోపల ఆ నవ్వు విని విజి ఏడుపు ఆపి, కళ్ళు పెద్దవి చేసుకొని గుమ్మం వైపు చెవి పెట్టింది. పొన్నమ్మ అరచేతులు రెండూ చెంపలకు దిమ్మల్లా ఆనించి పట్టుకుంది. ఆ ఒక్క క్షణం చాలింది ఆచారికి. "అయింది" అన్నాడు. బిడ్డకు నొప్పి తెలిసి మళ్ళీ రాగం ఎత్తుకునేలోపు ముడి కూడా పడిపోయింది.

కమ్మల డబ్బా పలక పక్కనే ఉండిపోయింది. పొన్నమ్మ దానిని కాలి వేలితో అవతలికి జరిపింది.

"పంపించేయ్. నువ్వు మాత్రం పోవద్దు చెంగమ్మా. వెంకట్రామ్‌తో పంపు."

చెంగమ్మ తలూపింది. ఎదురుగా కూర్చొని విజి చెవులు రెండూ మార్చి మార్చి చూసింది. ఒకటి చుక్క మీద సరిగ్గా ఉంది. ఇంకోటి చుక్కకు కిందగా, కొంచెం వంకరగా ఉంది.

"తప్పు నాదే వొదినా" అంది.

"నీదే. ఇంకెవురిది?" పొన్నమ్మ బిడ్డ చెవి మీద మెల్లగా ఊదింది. "పెద్దదయినాక ఇదెందుకు ఇట్లుండాదని అడుగుతుంది. నువ్వు చెప్పాలె. నేను చెప్పను."

బయటివాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి లోపలికి వస్తున్నారు. వచ్చి ఆకుల ముందు కూర్చుంటున్నారు. కాళియమ్మ గడ్డపార గుమ్మం బయట ఆనించి, కాళ్ళు కడుక్కొని వచ్చి శరణ్యకు వడ్డనలో సాయం పట్టింది. పొన్నమ్మ లేచి, బిడ్డను చెంగమ్మ ఒళ్ళో పెట్టింది.

"శరణ్య బట్టలు తేలేదు నేను. తిరిగిపోదామనే కదా వచ్చింది. రేపు వాడితో పంపిస్తా. రెండు చెవులకీ కలిపి కదా ఒట్టు పెడితి, వాడి ఒళ్ళో కుట్టింది ఒకటే. చెవులు మానేదాకా తల్లీ బిడ్డా ఈడ్నే ఉండనీ." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తల పట్టుకోమే! పక్కకు పడుతాంది చూడు."

చెంగమ్మ రెండు చేతులతోనూ పట్టుకుంది.